పాత రీళ్ళు, టేపులు కాపాడే గదిని జనానికి ఎలా చూపించాలి: తిరుపతి, చిత్తూరు వాళ్ళకో సమగ్ర మార్గదర్శి

అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తనా భాండాగారంలో దాచారు కాబట్టి ఆ సాహిత్యం మనదాకా వచ్చింది. రేకు మీద రాగం పేరుంది, పల్లవి ఉంది, చరణాలున్నాయి. ఆయన ఎలా పాడారన్నది మాత్రం చాలావరకు అందలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు ఇరవయ్యో శతాబ్దంలో చాలా కీర్తనలకు మళ్ళీ స్వరాలు కూర్చాల్సి వచ్చింది. మాటను దాచుకోవడం మనకు ఎప్పటినుంచో తెలుసు. గొంతును, కదిలే బొమ్మను దాచే సాధనం మనిషి చేతికొచ్చి సుమారు నూటయాభై ఏళ్ళే. అది కూడా ప్లాస్టిక్ మీద పూసిన జిలాటిన్ పొర, టేపు మీద అంటించిన ఐరన్ ఆక్సైడ్ పొడి. రాగి ఓర్చుకున్న ఎండను, చెమ్మను ఇవి ఓర్చుకోలేవు.

మన ప్రాంతంలో ఇలాంటివి ఎక్కడెక్కడ ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి. మూతబడ్డ థియేటర్ల ప్రొజెక్టర్ గదుల్లో రీళ్ళు, ట్రైలర్ల ముక్కలు. కాలేజీ స్టోర్‌రూముల్లో 16 ఎంఎం విద్యాచిత్రాలు. ఫొటో స్టూడియోల అటకల మీద పెళ్ళి క్యాసెట్లు. హరిదాసుల ఇళ్ళల్లో, పద్యనాటకాలు ఆడినవాళ్ళ ట్రంకుపెట్టెల్లో ఆడియో క్యాసెట్లు. చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో పేరు తెచ్చుకుని, ఆ ఊరి పేరునే జీవితాంతం మోసిన నాగయ్య గొంతు సినిమా రీలుకెక్కింది కాబట్టి ఈరోజు వింటున్నాం. రీలుకెక్కని నటులెందరో మనకు తెలియనే తెలియదు.

ఇలాంటి వస్తువులను చేరదీసిన మ్యూజియం, కాలేజీ, గ్రంథాలయం, ట్రస్టు ఏదైనా సరే, ఏడాదికోసారైనా లోపలి గది తలుపు తీసి, కాపాడే పని ఎలా జరుగుతుందో జనానికి చూపించాలని నా గట్టి నమ్మకం. అద్దాల పెట్టెలో మెరుస్తున్న పాత ప్రొజెక్టర్‌ను చూసినవాళ్ళు ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. పాడైపోతున్న రీలును, దాన్ని ఆపడానికి పడే పాట్లను కళ్ళారా చూసినవాళ్ళు ఇంటికెళ్ళి తమ రీళ్ళు, టేపులు వెతకడానికి అటకెక్కుతారు. ఈ పర్యటన వాళ్ళ కోసం.

మొదటి అడుగు: లెక్క రాయండి, నైట్రేట్ ఉందేమో చూడండి

జనాన్ని పిలిచే ముందు మీ దగ్గర ఏముందో మీకు తెలియాలి. ప్రతి డబ్బాకు, ప్రతి క్యాసెట్‌కు ఒక నంబరు వేయండి. ఫిల్ము వెడల్పు, డబ్బా మీద రాసి ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, వాసన, తుప్పు, బూజు. ఇంత రాసినా చాలు. డబ్బా మీద రాసిన పేరు, లోపలున్న రీలు ఒకటే అవుతాయన్న భరోసా లేదు కాబట్టి "తెరిచి చూడలేదు" అని రాయడానికి మొహమాటపడొద్దు.

ఈ అడుగులో అన్నిటికన్నా ముఖ్యమైనది నైట్రేట్ ఫిల్ము. 1950ల మొదటి దాకా 35 ఎంఎం ఫిల్ము ఎక్కువగా సెల్యులోజ్ నైట్రేట్ మీదే తయారైంది. అది ఒకసారి అంటుకుంటే మండడానికి కావలసిన ఆక్సిజన్‌ను తనలోంచే తీసుకుంటుంది. నీళ్ళలో ముంచినా ఆరదు. 2003 జనవరిలో పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో, జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వారి నైట్రేట్ రీళ్ళున్న గోదాము తగలబడి, తిరిగిరాని పాత సినిమాలెన్నో పోయాయి. ఈ పని తెలిసినవాళ్ళ దగ్గరే అలా జరిగిందంటే, మన దగ్గర ఎంత జాగ్రత్తగా ఉండాలో వేరే చెప్పక్కర్లేదు.

గుర్తుపట్టడం ఇలా. ఫిల్ము అంచున ఇంగ్లీషు అక్షరాల్లో నైట్రేట్ అనో సేఫ్టీ అనో అచ్చై ఉంటుంది. అయితే నెగెటివ్ అంచున ఉన్న మాట ప్రింటులోకి కూడా దిగొచ్చు కాబట్టి అదొక్కటే రుజువు అనుకోకూడదు. సంవత్సరం చూడండి. ఫిల్ము జిగటగా మారడం, గోధుమరంగు పొడి రాలడం, ఘాటైన వాసన కూడా హెచ్చరికలే. 16 ఎంఎం ఫిల్మును మొదటినుంచీ సేఫ్టీ బేస్ మీదే తయారుచేశారు కాబట్టి వాటి గురించి ఆ భయం అక్కర్లేదు. చిన్న ముక్క కత్తిరించి అగ్గిపుల్ల గీసి చూద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. అనుమానం ఉన్న 35 ఎంఎం రీలు ఒక్కటి దొరికినా ఆ భవనంలో పర్యటన పెట్టొద్దు. అగ్నిమాపక శాఖకు చెప్పండి, పుణెలోని ఎన్ఎఫ్‌డిసి - నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాయండి. 1964లో మొదలై, పి.కె. నాయర్ చేతుల మీదుగా పెరిగిన సంస్థ అది, ఇలాంటి రీళ్ళను ఏం చేయాలో వాళ్ళకు తెలుసు.

రెండో అడుగు: తేదీ, వేళ, ఎంతమంది

యునెస్కో అక్టోబరు 27ను ప్రపంచ దృశ్య శ్రవణ వారసత్వ దినంగా పాటిస్తుంది. ఆ రోజే పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. కానీ మనకు అది ఈశాన్య రుతుపవనాల కాలం. వాన పడుతున్నప్పుడు పదిమంది తడి చెప్పులతో, గొడుగులతో రీళ్ళ గదిలోకి వస్తే గదిలో తేమ ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే అక్టోబరు 27న బయటి హాల్లో ఒక ప్రసంగం పెట్టుకోండి. గది చూపించే పర్యటన మాత్రం సంక్రాంతి దాటాక, జనవరి చివరి నుంచి ఫిబ్రవరిలో పెట్టండి. ఎండ ముదరదు, పరీక్షలు ఇంకా మొదలవవు. తిరుపతిలో అయితే రథసప్తమి రోజు తప్పించండి, ఊళ్ళో ఆటో కూడా కదలదు.

ఉదయం పూటే మేలు. ఒక్కో జట్టుకు పన్నెండు మందికి మించొద్దు, ఇద్దరు మనుషులు వెంట ఉండాలి: ఒకరు చెప్పడానికి, ఇంకొకరు చేతులు గమనించడానికి. గంటన్నర సరిపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళను పేర్లు రాసుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి, కారణం ముందు ముందు చెబుతాను.

చెప్పేవాళ్ళకు శిక్షణ కూడా కావాలి. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2015 నుంచి ఫిల్ము పరిరక్షణ మీద వర్క్‌షాపులు పెడుతోంది. 2017లో చెన్నైలో, 2019లో హైదరాబాదులో జరిగాయి. మీ సంస్థ నుంచి ఒక్కరు అలాంటి దానికి వెళ్ళొచ్చినా పర్యటన స్థాయే మారిపోతుంది. అది కుదరకపోతే మీ ఊళ్ళో రిటైరైన ప్రొజెక్టర్ ఆపరేటర్‌ను వెతికి పట్టుకోండి. ఆయన్ని పిలవడం ఖర్చు తగ్గించుకునే మార్గం అనుకోకండి. రీలు ఎక్కడ తెగుతుందో, జాయింట్ ఎలా వేయాలో, పాత ప్రొజెక్టర్లో వెలుగు కోసం కాల్చే కార్బన్ కడ్డీలు ఎలా సర్దాలో చేత్తో చేసి తెలుసుకున్నవాడు ఆయనే. గౌరవంగా పిలిచి, దక్షిణ ఇచ్చి, జనానికి పేరుతో పరిచయం చేయండి.

మూడో అడుగు: గది ముందే సిద్ధం చేయండి

చల్లటి గదిలో ఉన్న డబ్బాను బయటికి తెచ్చి వెంటనే తెరిస్తే ఫిల్ము మీద నీటి ఆవిరి పడుతుంది. చూపించదలచిన రీళ్ళను ముందురోజే, మూత తీయకుండా, మామూలు గదిలోకి తెచ్చి ఒక రోజంతా అలాగే ఉంచండి. పర్యటన రోజున ఈ సంగతి జనానికి చెప్పండి. "నిన్న పొద్దున బయటికి తీసిన డబ్బా ఇది, ఇప్పుడు తెరుస్తున్నాం" అన్న ఒక్క మాటతో ఈ పనికి ఎంత ఓపిక కావాలో వాళ్ళకు అర్థమవుతుంది.

ఆఫీసు వేళల్లో ఏసీ వేసి సాయంత్రం ఆపేసే అలవాటు చాలాచోట్ల ఉంది. పగలు చలి, రాత్రి ఉక్కపోత, ఇలా రోజూ మారడం రీళ్ళకు మంచిది కాదు. కరెంటు ఖర్చు భరించలేకపోతే, ఎండ తగలని లోపలి గదిని ఎంచుకుని, ఉష్ణోగ్రత, తేమ చూపే చిన్న మీటరు పెట్టి, రోజుకు రెండుసార్లు రాసిపెట్టండి. ఆ పుస్తకాన్ని కూడా పర్యటనలో చూపించండి. ఏప్రిల్ పేజీ, నవంబరు పేజీ పక్కపక్కన పెడితే వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

అరల్లో కింది వరుస ఖాళీగా ఉంచండి. ఎందుకని అడుగుతారు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎలా పారాయో ఊళ్ళోవాళ్ళందరికీ గుర్తే, ఆ మాట చెబితే చాలు. రీళ్ళను పడుకోబెట్టాలి, క్యాసెట్లను నిలబెట్టాలి.

నాలుగో అడుగు: మొదటి మజిలీ, వాసన

పర్యటనను ఇక్కడ మొదలుపెట్టడమే సరైనది. నైట్రేట్ తర్వాత వచ్చిన సేఫ్టీ ఫిల్ము సెల్యులోజ్ అసిటేట్. అది నైట్రేట్‌లా తేలిగ్గా అంటుకోదు కానీ కుళ్ళుతుంది. వేడి, తేమ తగిలితే అందులోంచి ఎసిటిక్ ఆమ్లం విడుదలవుతుంది, అంటే వెనిగర్‌లో ఉండేదే. ఆ ఆమ్లం మళ్ళీ అదే ఫిల్మును ఇంకా వేగంగా కుళ్ళబెడుతుంది. పక్క డబ్బాల మీద కూడా ప్రభావం చూపుతుంది. వెనిగర్ సిండ్రోమ్ అని దీనికి పేరు. ముదిరిన ఫిల్ము కుంచించుకుపోతుంది, వంకర తిరుగుతుంది, పెళుసుబారి విరుగుతుంది. ఒక్క శాతం కుంచించుకున్నా ప్రొజెక్టర్ పళ్ళకు చిల్లులు సరిపడక తెగిపోయే ప్రమాదం ఉంది.

21 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలో కొత్త అసిటేట్ ఫిల్ముకు ఈ జబ్బు మొదలవడానికి సుమారు 40 ఏళ్ళు పడుతుందని నిపుణుల అంచనా. మన గదుల్లో ఎండాకాలం ఎంత ఉంటుందో చెప్పండి, ఆ 40 ఏళ్ళు ఎంతకు తగ్గుతాయో జనమే ఊహించుకుంటారు.

చూపించే పద్ధతి ఇది. ఇక దేనికీ పనికిరాని, బాగా పాడైన ఒక రీలును దీనికోసమే విడిగా ఉంచుకోండి. కిటికీలు తెరిచిన చోట డబ్బా మూత కొద్దిగా జరిపి, దూరం నుంచి చేత్తో గాలి విసిరి వాసన చూపండి. ముక్కు దగ్గర పెట్టనివ్వొద్దు. ఆ ఆవిరి కళ్ళకు, గొంతుకు మంట పుట్టిస్తుంది, ఆస్తమా గురించి ముందే అడగమన్నది ఇందుకే. తర్వాత ఏ-డి స్ట్రిప్స్ చూపించండి. అమెరికాలోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన రంగు కాగితాలు ఇవి. డబ్బాలో వేసి ఒక రోజు ఉంచితే, ఫిల్ము బాగుంటే నీలంగానే ఉంటాయి, ఆమ్లం పెరిగే కొద్దీ ఆకుపచ్చకు, తర్వాత పసుపుకు తిరుగుతాయి. నాలుగు వేర్వేరు డబ్బాల్లో ముందురోజే వేసి ఉంచి, జనం ముందు బయటికి తీయండి. ఏ డబ్బా ఏ రంగులో వస్తుందో చూడటానికి పెద్దవాళ్ళు కూడా ముందుకు వంగుతారు.

వాసన వస్తున్న రీళ్ళను గాలి చొరని కవర్లలో బిగించి పెట్టొద్దని కూడా చెప్పండి. ఆమ్లం లోపలే ఉండిపోయి ఫిల్ము ఇంకా త్వరగా పాడవుతుంది. గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, మంచి రీళ్ళకు దూరంగా వేరే గదిలో పెట్టాలి.

ఐదో అడుగు: రెండో మజిలీ, బల్ల దగ్గర మూర కొలత

ఇక్కడ ఆపరేటర్‌ను మాట్లాడనివ్వండి. చేత్తో తిప్పే రివైండర్, తెల్లటి లైటు బాక్సు, భూతద్దం ఉంటే చాలు. చూపడానికి తుక్కు రీలు వాడండి, అసలు సేకరణలోది వద్దు.

35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు. సెకనుకు 24 బొమ్మలు నడుస్తాయి. అంటే అడుగున్నర, సరిగ్గా మూరెడు ఫిల్ము తెర మీద ఒక్క సెకను. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కొన్న ప్రతి ఒక్కరికీ మూర తెలుసు. ఒక పిల్లవాణ్ణి పిలిచి, పెద్దవాళ్ళ మోచేతి నుంచి వేలి కొస దాకా ఫిల్మును కొలవమనండి. "ఇది ఒక సెకను నాయనా. రెండున్నర గంటల సినిమాకు ఇలాంటి మూరలు తొమ్మిది వేలు" అని చెప్పండి. ఎంత మీడియా చదువుకున్నవాళ్ళకైనా ఈ లెక్క కొత్తగానే ఉంటుంది. ఫిల్మును అంచులతో పట్టుకోవాలి, మధ్యలో వేలు పెట్టకూడదు, చేతికి తొడుగు ఉండాలి అన్నవి కూడా ఈ కొలతతోనే నేర్పొచ్చు.

తర్వాత లైటు బాక్సు మీద రెండు ముక్కలు పక్కపక్కన పెట్టండి: ఒకటి నలుపు తెలుపు, ఒకటి 1970ల రంగు ప్రింటు. రంగు ముక్క గులాబీరంగుకు తిరిగి ఉంటుంది. రంగు ఫిల్ములో మూడు రంగుల పొరలుంటాయి. ఆ కాలపు ప్రింట్లలో నీలి ఆకుపచ్చ పొర అన్నిటికన్నా ముందు వెలిసిపోవడంతో ఎరుపే మిగిలింది. నలుపు తెలుపు ముక్కలో బొమ్మ వెండితో ఏర్పడింది కాబట్టి పాతదైనా నిలబడింది. ఆ వెండి కోసమే ఎన్నో పాత రీళ్ళను కరిగించేశారన్న సంగతి ఇక్కడే చెప్పండి. బొమ్మ పక్కన సన్నటి గీతలా అలలుగా కదిలేదే ధ్వని అని భూతద్దంతో చూపించండి. గొంతును కంటితో చూడటం చాలామందికి అదే మొదటిసారి అవుతుంది. ఈ మజిలీకి అరగంట ఇచ్చినా ఎక్కువ కాదు.

ఆరో అడుగు: టేపుల గది

సినిమా రీలు కన్నా వీడియో, ఆడియో టేపుల విషయంలోనే మనకు సమయం తక్కువ. టేపు మీది పొడిని అంటించి ఉంచే జిగురు తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. అలాంటి టేపు, మెషిన్‌లో టేపును చదివే హెడ్‌కు అంటుకుని, పొడి రాలి, బొమ్మ పోతుంది. దానికి తోడు మెషిన్లే దొరకడం లేదు. ప్రపంచంలో చివరిదాకా వీహెచ్ఎస్ ప్లేయర్లు చేసిన ఫునాయ్ కంపెనీ 2016లో తయారీ ఆపేసింది. మీ దగ్గర పనిచేసే ప్లేయర్ ఉంటే టేపుతో సమానంగా దాన్ని కూడా కాపాడుకోండి, పాడైన ప్లేయర్లను విడిభాగాల కోసం పారేయకుండా ఉంచండి.

ఇక్కడ జనానికి నేర్పాల్సినవి మూడే. బూజు పట్టిన క్యాసెట్‌ను ప్లేయర్లో పెట్టొద్దు, టేపూ పోతుంది, ప్లేయర్ ద్వారా వేరే క్యాసెట్లకూ బూజు అంటుకుంటుంది. క్యాసెట్ వీపు మీదున్న చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచేస్తే దాని మీద పొరపాటున మళ్ళీ రికార్డు కాదు. టేపు మొదటికో చివరికో పూర్తిగా చుట్టి నిలబెట్టాలి. జిగటగా మారిన కొన్ని రకాల టేపులను నిపుణులు తక్కువ వేడిలో ఆరబెట్టి ఒకసారి ఆడించగలుగుతారు. ఇంట్లో అలాంటి ప్రయత్నం చేయొద్దని గట్టిగా చెప్పండి.

ఏడో అడుగు: కంప్యూటర్ దగ్గర

"స్కాన్ చేసేస్తే పని అయిపోయినట్టే కదా సార్" అని తప్పకుండా అడుగుతారు. లెక్కతో జవాబివ్వండి. ఒక్క బొమ్మను 2కె స్థాయిలో (అంటే అడ్డంగా సుమారు రెండు వేల చుక్కలతో), కుదించకుండా స్కాన్ చేస్తే సుమారు 12 మెగాబైట్లు. రెండున్నర గంటల సినిమాలో 2,16,000 బొమ్మలు. అంటే రెండున్నర టెరాబైట్ల పైమాటే. 4కె అయితే దానికి నాలుగు రెట్లు. హార్డ్ డిస్కులు చెప్పాపెట్టకుండా పోతాయి కాబట్టి మూడు కాపీలుండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. తిరుపతి సంస్థ, చిత్తూరు సంస్థ ఒకరి కాపీ ఒకరు దాచిపెట్టుకోవడం మంచి ఏర్పాటు.

చెక్‌సమ్ అంటే ఫైల్లో ఉన్నదంతా లెక్కగట్టి కంప్యూటర్ ఇచ్చే ఒక సంఖ్య. అదేమిటో చూపించడానికి ఒక చిన్న టెక్స్ట్ ఫైలు చాలు. దాని చెక్‌సమ్ తీసి బోర్డు మీద రాయండి. ఒక విద్యార్థిని పిలిచి ఫైల్లో ఒకే ఒక్క అక్షరం మార్చమని, మళ్ళీ తీయండి. మొత్తం సంఖ్య మారిపోతుంది. ఆరు నెలలకోసారి ఇలా సరిచూస్తే, ఫైలు లోలోపల చెడిపోయిందో లేదో తెలుస్తుంది. స్కాన్ అయ్యాక కూడా అసలు రీలును పారేయకూడదని ఇక్కడే చెప్పండి. ఇంకా మెరుగైన స్కానర్ వచ్చిన రోజున మళ్ళీ దాని దగ్గరికే వెళ్ళాలి.

ఎనిమిదో అడుగు: హక్కులు, ఫొటోలు

ప్రింటు మీ చేతిలో ఉన్నంత మాత్రాన దాన్ని బహిరంగంగా ప్రదర్శించే హక్కు రాదు. మన చట్టంలో సినిమా కాపీరైటు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. అంతకన్నా కొత్త సినిమా ముక్కలు నడిపి చూపాలంటే అనుమతి తీసుకోండి. సందర్శకులను బల్ల, పనిముట్లు, పనిచేసే చేతులు ఫొటో తీసుకోనివ్వండి, తెర మీది బొమ్మను వద్దనండి. దాతల ఇళ్ళ పేర్లు, ఫోను నంబర్లు ఉన్న రిజిస్టర్ ఎవరి కంటా పడకూడదు.

తొమ్మిదో అడుగు: జనం తెచ్చినవాటికో బల్ల

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. పిలుపులోనే రాయండి: "మీ ఇంట్లో పాత క్యాసెట్, రీలు, రికార్డు ఏదైనా ఉంటే ఒక్కటి తీసుకురండి." చివరి ఇరవై నిమిషాలు ఆ బల్లకే ఇవ్వండి. ఆడించి చూపిస్తామని మాటివ్వకండి, చూసి చెబుతామని మాత్రమే అనండి. ఒక్కో వస్తువుకు ఒక్కో చీటీ: రకం, స్థితి, ఇంట్లో ఎలా ఉంచాలి, ఎంత త్వరగా డిజిటల్ చేయించాలి.

తెచ్చినవాళ్ళు వస్తువు కన్నా దాని వెనక ఉన్న కథే ఎక్కువ చెబుతారు. "మా తాతది సార్, భారతం మిట్ట దగ్గర చెప్పిన హరికథ" అంటారు. ఆ మాటలను ఫోన్లో, వాళ్ళ అనుమతితో, రికార్డు చేయండి. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సందర్భం అన్నది తెలియకపోతే, టేపు బాగున్నా అది ఎవరిదో చెప్పేవాళ్ళుండరు. చిత్తూరు ప్రాంతంలో మహాభారత ఉత్సవాల్లో కథ చెప్పినవాళ్ళ క్యాసెట్లు ఈ బల్ల మీదికి వస్తే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు వాటిని చూడండి. అలాంటివి బజారులో రెండో కాపీ దొరకవు. అక్కడికక్కడే ఇచ్చేస్తామన్నా వెంటనే తీసుకోకండి. ఇంటికెళ్ళి అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్ళతో మాట్లాడుకుని రమ్మనండి, తర్వాత రాతపూర్వకంగా తీసుకోండి.

పదో అడుగు: తలుపు మూసే ముందు

బయటికి తీసిన ప్రతి డబ్బాను నంబరుతో సరిచూసి లోపల పెట్టండి. మీటరులో తేమ ఎంత పెరిగిందో రాయండి. ఐదు శాతానికి మించి పెరిగితే మరుసటిసారి జట్టును ఎనిమిది మందికి తగ్గించండి. తుక్కు రీలులో ముక్కలు ఎన్ని మిగిలాయో చూసుకోండి, ఒక్క ఏడాదిలో అరిగిపోతుంది. వారం తర్వాత, వస్తువులు తెచ్చినవాళ్ళకు ఫోన్ చేసి చీటీలో రాసినట్టు చేశారా అని అడగండి. చేయనివాళ్ళ క్యాసెట్లు ఏ స్థితిలో ఉన్నాయో మీ దగ్గర రాసి ఉంది కాబట్టి, బూజు పట్టినవి ఉన్నవాళ్ళను ముందు పిలిపించండి.